టికెట్ లేని నొప్పి

పొద్దున మొదటి ట్రిప్పుకి ముందు డ్రైవరు అద్దం తుడుచుకుంటాడు, సీటు మీద తువ్వాలు పరుచుకుంటాడు, వెనక జేబులోంచి లావుపాటి పర్సు తీసి స్టీరింగు ముందు పెట్టుకుంటాడు. తుంటి నరం నొప్పికి డాక్టరు చెప్పినవాటిలో అతను పాటించేది ఆ పర్సు సంగతొక్కటే. మధ్యమధ్యలో లేచి నడవమన్నది, మోకాళ్లు పొట్టకి లాక్కుని వ్యాయామం చెయ్యమన్నది రేపటికి వాయిదా పడుతూనే ఉన్నాయి.

అప్పుడు నొప్పి ఎక్కుతుంది. సన్నగా, పొడుగ్గా, ఖాకీ చొక్కాలో.

"స్టాఫ్" అంటుంది. కండక్టరమ్మ తలూపి వదిలేస్తుంది. డిపోవాళ్లని టికెట్ అడగడం మర్యాద కాదు కదా.

నొప్పి డ్రైవరు వెనక సీట్లో కూర్చుని చెయ్యి చాపి అతని తుంటి మీద వేస్తుంది. సంత దాటేసరికి ఆ చెయ్యి తొడకి జారుతుంది, వంతెన దగ్గర పిక్కకి, ఆఖరి స్టేజీకి కాలి చిటికెన వేలికి. జనం ఎక్కువైతే ఎవరో ఒకరు "కాస్త జరుగు" అని దాని పక్కనే సర్దుకుంటారు.

"అన్నా, మేనేజరుకి చెప్పెయ్యరాదూ?" అంటుంది కండక్టరమ్మ.

"చెప్తే స్టీరింగు లాక్కుంటారు చెల్లెమ్మా. అది లేకపోతే నేను డ్రైవర్నా, డ్రైవరు ఫొటోనా?"

"నువ్వు కుంటే కుంటుడుకి ఫొటో కూడా ఊగుతుందిలే."

ఆ రోజు బడి మలుపులో అతని ఎడమ పాదం మొద్దుబారిపోయింది. క్లచ్ తొక్కాడో లేదో అతనికే తెలియలేదు. బస్సు ఒక్కసారి ముందుకి దూకి ఆగింది. రోడ్డు దాటుతున్న పిల్ల సంచీకి బంపరు రాసుకుంది. పిల్ల వెనక్కి తిరిగి చూసి, సంచీ దులుపుకుని వెళ్లిపోయింది.

డ్రైవరు తన పాదాన్ని పరాయివాడి పాదంలా చూస్తున్నాడు.

కండక్టరమ్మ టికెట్ మిషను పట్టుకుని ముందుకొచ్చింది. "టికెట్."

"స్టాఫ్" అంది నొప్పి.

"ఏ డిపో? పాసు చూపించు."

నొప్పి జేబులు తడుముకుంది. పాసు లేదు.

"ఎక్కడ దిగాలి?"

ఆ మాట దాన్ని ఇంతవరకూ ఎవరూ అడగలేదు. "తెలీదు" అంది, నేల చూస్తూ.

"టికెట్ లేకపోతే దిగే చోటెలా తెలుస్తుంది? తప్పు నాది, అడగలేదు." మిషను చప్పుడు చేసింది. "ఆసుపత్రి స్టాపు. డబ్బులు అన్న ఇస్తాడు."

డ్రైవరు పర్సు అందించాడు.

ఆసుపత్రి ఆ పక్క స్టాపే. బస్సు నత్తలా వెళ్లి ఆగింది. నొప్పి దిగింది. దిగి, కదలకుండా అతని వైపే చూస్తూ నిలబడింది.

అతను ఇంజను ఆపాడు. దారి మధ్యలో తాళం తిప్పడం అతనికి అదే మొదలు.

"స్టీరింగు..." అన్నాడు.

"ఈసారికి ఆ పిల్ల బతికుంది అన్నా. దిగు."

దిగాడు. నొప్పి ఈసారి తుంటి మీద కాదు, భుజం మీద చెయ్యేసింది. ఇద్దరూ కుంటుకుంటూ గేటు వైపు నడిచారు. కండక్టరమ్మ బస్సు ఒంటి మీద రెండుసార్లు చరిచి, వాళ్ల వైపు చూసి "రైట్, రైట్" అంది.

తర్వాత చాలాకాలం అతను డిపో షెడ్డు పనిలోనే ఉన్నాడు, రోజూ నేల మీద పడుకుని మోకాళ్లు పొట్టకి లాక్కుంటూ. స్టీరింగు తిరిగొచ్చాక ప్రతి ట్రిప్పు చివరా దిగి బస్సు చుట్టూ నడుస్తాడు. కొన్ని పొద్దుటిపూటలు నొప్పి ఇంకా ఎక్కుతుంది. కానీ అడక్కముందే టికెట్ తీసుకుంటుంది, పక్క స్టాపుకి.