మెట్ల మీద ఆగిపోయిన వడ్రంగి

సాయంత్రం లైట్లు వేసే వేళకి ఆ భవనంలో మెట్లెక్కడమంటే యుద్ధానికి వెళ్లి ప్రాణాలతో తిరిగి రావడమే. ఏడంతస్తుల భవనం, ఇద్దరు ఎదురైతే ఒకరు గోడకి అతుక్కోవాల్సిన మెట్లు. కింద కరెంటు మీటర్ల పక్కన గోడకి బిగించిన ఇంటర్నెట్ పెట్టెలోంచి, ఏ ఇంట్లో ఏది అడిగితే అది బయటికి వచ్చి, బుద్ధిగా మెట్లెక్కి, ఆ ఇంటి తలుపు తోసుకుని తెరలోకి వెళ్లిపోయేది. పొద్దున పూట ఏ ఇబ్బందీ లేదు. లెక్కల మాస్టారు సుద్దముక్క పట్టుకుని రెండో అంతస్తు పిల్లల కోసం ఎక్కేవాడు. వాతావరణం చెప్పే అమ్మాయి మబ్బుని చంకలో పెట్టుకుని ఎక్కేది. సాయంత్రం అయ్యేసరికి అడిగేవాళ్లు పదింతలు, మెట్లు మాత్రం అవే. ఒకసారి ఎవరో యుద్ధం సినిమా పెడితే మూడో అంతస్తు మలుపులో రెండు ఏనుగులు ఇరుక్కుపోయి, భవనం భవనమంతా మర్నాటిదాకా గడప దాటలేదని ఇప్పటికీ చెప్పుకుంటారు. కంపెనీకి ఫోన్ చేస్తే, మీ ఏరియాలో వాడకం ఎక్కువగా ఉంది, సహకరించండి అనేది ఒక గొంతు. ఆ గొంతుకీ రొప్పు వస్తూ ఉండేది.

అన్నిటికంటే పైన, ఏడో అంతస్తులో ఉండే కోడలుపిల్లని అందరూ చేతులమ్మ అనేవాళ్లు. చెవులు వినపడనివాళ్ల సైగల్ని మాటల్లోకి, ఎదుటివాళ్ల మాటల్ని సైగల్లోకి మార్చడం ఆమె పని. ఇంట్లో లాప్‌టాప్ ముందు కూర్చునే కోర్టులకీ, బ్యాంకులకీ, ఆసుపత్రులకీ చేసేది. ఆమె చేతులు ఆడుతుంటే గదిలో ఫ్యాన్ వేయక్కర్లేదని అత్తగారు పదిమందికీ చెప్పేది. ఒకసారి ఇద్దరు లాయర్లు ఒకేసారి అరుచుకుంటుంటే, చెరో చేతికి చెరో లాయర్ని అప్పజెప్పి, ఒక్క పొల్లు పోకుండా ఇద్దరినీ సైగల్లో దించేసిందట. జడ్జి గారు కుర్చీలోంచి లేచి నిలబడ్డారట.

అటువంటి మనిషి ఆ సాయంత్రం తెర ముందు చేతులు కట్టేసినట్టు కూర్చుంది.

ఫుట్‌బాల్ ఫైనల్ రోజది. ఇంటింటా అదే మ్యాచ్, అయినా ఇంటికొక జట్టు విడిగా ఎక్కాల్సిందే. ఒకే గోల్‌కీపర్ అంతస్తుకి ముగ్గురు చొప్పున, ఒకే గడ్డం, ఒకే చిరాకు. అప్పుడు వచ్చింది ఆసుపత్రి నుంచి కబురు. వడ్రంగి ఒకతను, పుట్టుకతో వినపడదు. చిత్రిక పట్టే మిషన్‌లో కుడిచెయ్యి పడింది. చూపుడువేలు, మధ్యవేలు వేలాడుతున్నాయి. వీడియో కలిపారు. అతని ఎడమ భుజం వచ్చింది, చెవి వచ్చింది, అక్కడితో బొమ్మ ఆగిపోయి తెర మధ్య చుక్క గిరగిరా తిరగడం మొదలెట్టింది.

మామూలు ఫోన్‌లో డాక్టరు మాట మాత్రం వస్తోంది. ఆయన చెప్పినదాన్ని ఆమె విన్నది. రెండు వేళ్లూ తీసేస్తే ఈ పూటతో అయిపోతుంది, ప్రమాదం లేదు. అతికించాలంటే ఆ పని తెలిసిన సర్జన్ ఊరి అవతలి ఆసుపత్రి నుంచి బయలుదేరి రావాలి. అది ఇప్పుడే తేల్చాలి. ఆలస్యమైతే ఆ దారి మూసుకుపోతుంది. అతికించినా నిలుస్తాయన్న నమ్మకం లేదు, మళ్లీ కోయాల్సి రావచ్చు. నర్సు బొమ్మలు గీసి చూపిస్తే అన్నిటికీ ఒకేలా తలూపుతున్నాడట. అతనికి చదువు లేదు, ఉన్నా రాసే చెయ్యే నలిగింది.

"మత్తు ఇచ్చేవాళ్లు సిద్ధంగా ఉన్నారమ్మా. జవాబు రాకపోతే నేను తీసేస్తాను. వడ్రంగికి రెండు వేళ్లు లేకపోయినా పని నడుస్తుంది."

"అతను మాట్లాడేది వాటితోనే, డాక్టర్ గారూ."

అయితే తొందరగా కనుక్కోమన్నాడాయన.

ఆమె పక్కింటి డ్రైవరు తలుపు కొట్టి, మ్యాచ్ కాసేపు ఆపమని బతిమాలింది. నేనొక్కణ్ణి ఆపితే మెట్లు ఖాళీ అవుతాయా అక్కా అన్నాడతను, కళ్లు తెర మీంచి తీయకుండా. అదీ నిజమే. ఇక ఉన్నది ఒక్కటే దారి. ఆ భవనంలో ఎవరూ ఆ పని చేయరు. ఎవరికి రావాల్సినవాళ్లు వాళ్ల తలుపు దగ్గరికే రావాలి తప్ప మధ్యలో ఎదురెళ్లి పలకరించడం మర్యాద కాదు. పైగా ప్రమాదం. మెట్ల మీద వాళ్లని పట్టి లాగితే చెదిరిపోతారు. అత్తగారు ఒకసారి ఓపిక పట్టలేక ఒక గాయకుణ్ణి చెయ్యి పట్టి లాగితే, పల్లవి ఆవిడ చేతిలోకి ఊడి వచ్చి మిగతా పాటంతా కింద మీటర్ల మీద పడింది.

ఫోన్‌ని చెవికీ భుజానికీ మధ్య ఇరికించుకుని చేతులమ్మ దిగడం మొదలుపెట్టింది.

ఆరో అంతస్తు మలుపులో తనకి తానే ఎదురైంది. ఆసుపత్రికి బయలుదేరిన తన రూపం, చేతులు పైకెత్తి, దిగే చోటు లేక అలాగే నిలబడి ఉంది. "జరుగు" అంది దాంతో, ఆడపడుచుతో అన్నట్టు. అది జరగలేదు. తనే దాని చంక కింద నుంచి దూరింది. ఐదో అంతస్తులో ఒక వంటాయన మూకుడు తలకి తగలకుండా వంగింది. నాలుగో అంతస్తులో పదకొండు మంది ఆటగాళ్ల మధ్య నుంచి, ఒక్కరి చొక్కా అంచైనా కదలకుండా, ఊపిరి వదిలి పలకలా సన్నబడి జారింది. తర్వాత ఎంతమంది ప్రయత్నించినా అలా దిగలేకపోయారు. ఒకాయన నడుం పట్టేసి వారం రోజులు అక్కడే అన్నం తిన్నాడు.

మూడో అంతస్తులో ఉన్నాడు వడ్రంగి.

ఆసుపత్రి చొక్కా, జుట్టులో రంపపు పొట్టు, కుడిచెయ్యి తెల్లటి కట్టులో. అతని ముందు గోల్‌కీపర్, వెనక ఇంకో గోల్‌కీపర్. ఎడమచెయ్యి గోడకీ ఒక పెద్ద సూట్‌కేసుకీ మధ్య నలిగిపోతోంది. ఆ సూట్‌కేసు అత్తగారి సీరియల్‌లో ఇల్లు వదిలి వెళ్లిపోతున్న పెద్దకోడలిది. ఆమె కళ్లలో నీళ్లు నిండి ఉన్నాయి. ఏడో అంతస్తు చేరాకగానీ అవి రాలవు.

చేతులమ్మ రెండు చేతులూ తల మీదికెత్తి, ఉన్నది ఉన్నట్టు చెప్పింది. తీసేయడం, అతికించడం, నమ్మకం లేకపోవడం, మళ్లీ కోయడం. ఏదీ తగ్గించలేదు. రూపానికి చెబితే మనిషికి చెప్పినట్టే, అది ఆ భవనంలో చంటిపిల్లలకీ తెలుసు. వడ్రంగి కళ్లు ఆమె వేళ్ల వెంట పరుగెత్తాయి. అతను తలూపలేదు. చెయ్యి బయటికి తీయబోయాడు. రాలేదు. సూట్‌కేసు కదలదు, తను లాగకూడదు.

"ఏమంటున్నాడు?" అన్నాడు డాక్టరు.

"చెప్పబోతున్నాడు."

"అమ్మా, నేనిక ఆగలేను."

ఆమె రైలింగ్ మీంచి తల పైకెత్తి, పుట్టి బుద్ధెరిగాక ఎప్పుడూ అరవని అరుపు అరిచింది. ఏడంతస్తుల కిటికీలూ గణగణమన్నాయంటారు.

"అత్తయ్యా, మీ సీరియల్ కట్టేయండి."

ఆ పెద్దకోడలు ఇల్లు వదులుతుందా లేదా అని అత్తగారు మూడేళ్లుగా కాసుక్కూర్చుంది. జ్వరంలో కూడా ఒక్కరోజు మానలేదు.

"ఇవాళ వెళ్లిపోతోందే అమ్మాయ్" అంది ఆవిడ గొంతు.

"ఒక మనిషి చెయ్యి ఇరుక్కుంది అత్తయ్యా."

టక్కున స్విచ్ పడిన చప్పుడు. పెద్దకోడలు, ఆమె కన్నీళ్లు, ఆమె సూట్‌కేసు మెట్ల మీంచి మాయమైపోయాయి. ఖాళీ అయిన చోటు ఒక చేతికి సరిపడా, అంతే. వెనకవాళ్లు అందులోకి తోసుకొచ్చేలోపు వడ్రంగి ఎడమచెయ్యి బయటికి తీశాడు.

ముందు తన కూతురి పేరు చెప్పాడు. ఆ పేరు పలకాలంటే రెండు వేళ్లు మణికట్టు నుంచి మోచేతి దాకా గబగబా పరుగెత్తాలి, చెట్టెక్కే ఉడుతలాగా. ఎడమచేత్తో, కట్టు కట్టిన కుడిచేతి మీద పలకబోయాడు. మొదటి అడుగుకే నొప్పికి మొహం ముడుచుకుపోయింది. గోడ మీద ప్రయత్నించాడు. ఉడుత తప్పటడుగులు వేసింది. దాన్ని చూసి తల అడ్డంగా ఊపాడు. ఆ పిల్లకి మాటలు వినపడతాయి, కానీ నోటితో అమ్మా అనకముందే తన వేళ్లని చూసి నవ్విందట. ఇలా పిలిస్తే ఎవరినో పిలుస్తున్నారనుకుంటుంది అన్నాడు. కుట్టమను. రెండోసారి కోసినా, మూడోసారి కోసినా, కుట్టమను.

ఆమె ప్రతి ముక్కా ఫోన్‌లోకి చెప్పింది.

"ఇతనేమిటమ్మా, ఇక్కడ గోడవైపు తిరిగి చెయ్యి ఆడిస్తున్నాడు" అన్నాడు డాక్టరు. "ఎవరితో?"

"నాతోనే."

డాక్టరు పక్కకి తిరిగి, ఆ సర్జన్‌ని వెంటనే బయలుదేరమనండి అని ఎవరికో చెప్పడం ఆమెకి వినిపించింది. ఆ మాట సైగ చేసి చూపించాక వడ్రంగి కళ్లు మెల్లగా మూతపడ్డాయి. అక్కడ మత్తు ఇచ్చారు. ఇక్కడ ఇద్దరు గోల్‌కీపర్ల మధ్య పడిపోవడానికి చోటు లేక, అతను నిలబడే నిద్రపోయాడు. మ్యాచ్ అయ్యేదాకా ఆమె ఆ మెట్టు దిగలేదు, ఎక్కలేదు.

వానలు వెలిశాక ఒక సాయంత్రం అతను తన కాళ్ల మీద తను వచ్చాడు, మూడేళ్ల కూతుర్ని వెంటబెట్టుకుని. మెట్ల మీద ఎప్పటి జనమే. ఎవరింటికి అని అడిగినవాళ్లకి జవాబు రాకపోయేసరికి, ఇంకా శబ్దం అందని సినిమా అయి ఉంటాడనుకుని దారిచ్చారు. చేతులమ్మ ఎదురు దిగి ఐదో అంతస్తులో కలుసుకునేసరికి పిల్ల అతని పక్కన లేదు.

కింద, నాలుగో అంతస్తులో, ఎవరిదో సినిమాలోని గుర్రాల కాళ్ల మధ్య నోరు తెరుచుకుని నిలబడి ఉంది. చేతులమ్మ కేక వేసింది. డప్పులు, తుపాకులు, వార్తలు, అన్నీ కలిసిన ఆ హోరులో కేక ఆమెకే వినపడలేదు. గుర్రాలు కదిలాయి.

వడ్రంగి రైలింగ్ మీంచి సగానికి వంగి, ఎడమచెయ్యి ముందుకి చాచి, దాని మీద కుడిచేతి వేళ్లు రెండూ ఆనించాడు. చూపుడువేలు చకచకా కదిలింది. మధ్యవేలు బిర్రుగా, ఒక్కో అడుగు ఆలస్యంగా, ఈడుస్తూ వచ్చింది. కుంటుకుంటూనే ఉడుత మోచెయ్యి దాకా ఎక్కింది.

గుర్రాల కింద నుంచి పిల్ల తల తిప్పి, పైకి చూసి, మెట్లెక్కడం మొదలుపెట్టింది.