పాత డిస్కులో మందు పేరు

ఆసుపత్రి నుంచి నర్సు ఫోనులో హిందీలో హారతిని అడిగింది. శివకృష్ణకు పడని మందు ఏదైనా ఉందా అని.

ఉంది. నాలుగేళ్ల కిందట సిరిసిల్లలో ఒక ఇంజెక్షన్ ఇస్తే ఊపిరాడక చావు దాకా వెళ్లొచ్చాడు ఆమె భర్త. దాని పేరే తెలియదు. ఇప్పుడతను కరోనా వార్డులో ఆక్సిజన్ మాస్కుతో ఉన్నాడు, మాట్లాడే స్థితిలో లేడు. హారతి అత్తను అడిగింది.

"పేరు నాకేమెరుక బిడ్డా? ఒళ్లంత దద్దుర్లు లేసినయి, గంతే యాదికున్నది" అంది భాగీరథి. "కాగితాలన్ని వాడు కంప్యూటర్ల ఎక్కిచ్చిండు గదా."

ఆ కంప్యూటర్ చెడిపోయి ఏడాదైంది. వాళ్లు వలస వచ్చి ఉంటున్న ఉన్ బస్తీలో దుకాణాలన్నీ మూసి ఉన్నాయి. హారతి కిటికీకీ తలుపుకీ మధ్య తిరిగింది, కూర్చుంది, మళ్లీ లేచింది. చివరికి పక్క గల్లీ రాజనర్సుకు ఫోను చేసింది. అతను సలాబత్‌పురా బజారులో ఓ చీరల దుకాణంలో కంప్యూటర్లు చూస్తాడు.

"డబ్బా ఖరాబైతే ఏంది చెల్లె, లోపలి హార్డ్ డిస్కు మంచిగనే ఉండొచ్చు. జర ఆగు, అడాప్టర్ తెస్త."

మాస్కు కట్టుకుని వచ్చి డిస్కు ఊడదీశాడు. అడాప్టర్ ఒక కొస డిస్కుకు, రెండో కొస పాప ఆన్‌లైన్ క్లాసుల లాప్‌టాప్‌కు తగిలించాడు. తెర మీద ఏమీ రాలేదు.

"పోయిందా అన్నా?"

"లేదు. పెద్ద డిస్కు గదా, దీనికి వేరే కరెంటు గావాలె. ఆ వైరు ఇంట్లనే మర్సిన."

అతను పరుగెత్తాడు. ఇంతలో నర్సు మళ్లీ ఫోను చేసింది. డాక్టరు మందు మొదలుపెట్టాలట. "పది నిమిషాలు, దీదీ" అని హిందీలో బతిమాలింది హారతి.

రాజనర్సు తిరిగొచ్చి వైరు గోడ ప్లగ్గులో గుచ్చగానే డిస్కు గిర్రున తిరిగింది. ఫోల్డర్లు తెరుచుకున్నాయి. రేషన్ కార్డు, కరెంటు బిల్లు, పాప పుట్టిన సర్టిఫికెట్... ఒక్కోటీ తెరుస్తూ పోయింది. నలభయ్యో, యాభయ్యో తెరిచాక సిరిసిల్ల ఆసుపత్రి కాగితం కనిపించింది. ఎర్ర సిరాతో పడని మందు పేరు: సెఫ్ట్రియాక్సోన్.

అక్షరం అక్షరం నర్సుకు ఫోనులో చదివి చెప్పింది.

"మంచి పని చేశారు. ఇదే ఇవ్వాలనుకున్నాం. మారుస్తాం" అంది నర్సు.

పన్నెండో రోజు శివకృష్ణ ఇంటి ముందు ఆటో దిగాడు. మూడు మెట్లెక్కి ఆయాసంతో అక్కడే కూలబడ్డాడు. హారతి అతని పక్కనే కూర్చుంది. ఇన్ని రోజుల్లో ఆమె కాళ్లు ఒకచోట నిలిచింది అప్పుడే.