మిషన్ కోడ్ పడిన చేతి లేసు

నేను ఒక వరుసను. చీమల వరుసనో, పెళ్ళి భోజనాల వరుసనో అనుకునేరు. దేశం దాటే సరుకు ఎవరిది, ఏమిటి, ఎంత, ఎక్కడికి అని ప్రభుత్వం కంప్యూటర్లో రాసుకునే లెక్కలో ఒక అడ్డ వరుసను. అందులో నాలాంటివాళ్ళం కోట్లమందిమి ఉన్నాం. అందరినీ కలిపి డేటా అంటారు. ఎవరైనా "డేటా చెబుతోంది" అంటే నాకు నవ్వొస్తుంది. నాకే గనక నోరుంటే సువర్ణ అనే ఒకావిడ బతుకు మరోలా ఉండేది. ఆ బాధతోనే ఇదంతా చెబుతున్నాను.

నేను పుట్టింది విశాఖపట్నంలో. ఓడరేవు దగ్గర, ఎగుమతిదారుల తరఫున కస్టమ్స్‌కు బిల్లులు పెట్టే ఏజెంటు ఆఫీసులో జామి ఈశ్వరరావు అనే గుమాస్తా నన్ను టైపు కొట్టాడు. మంచి మనిషి, ఎవరికీ చెడు తలపెట్టేవాడు కాదు. కానీ ఆ ఆఫీసుల్లో ఏ బిల్లునూ మొదటినుంచీ కొట్టరు. అలాంటి సరుకుదే పాత బిల్లు తెరిచి, పేరూ బరువూ ధరా మార్చి పంపించేస్తారు. ఈశ్వరరావు "లేసు" అని వెతికాడు. దొరికిన బిల్లు ఎక్కడో మిషన్ మీద గజాల లెక్కన తయారైన లేసుది. దాన్నే తెరిచి పేరు మార్చాడు, బరువు మార్చాడు, వివరం దగ్గర "చేతితో అల్లిన లేసు బల్లగుడ్డలు" అని శ్రద్ధగా రాశాడు. ఆ పక్కనున్న, సరుకు ఏ రకమో చెప్పే ఎనిమిది అంకెల కోడ్ మార్చడం మరిచాడు. అలా నేను ఎవరిదో గోత్రంతో పుట్టాను. పన్ను తేడా ఏమీ లేదు గనక కస్టమ్స్‌లోనూ ఎవరూ ఆరా తీయలేదు.

నా యజమానురాలు కొప్పినేడి సువర్ణ. నర్సాపురం పక్క పల్లె. అక్కడి ఆడవాళ్ళు కొక్కెం సూదితో అల్లిన లేసు ఏనాటినుంచో చెన్నై వ్యాపారి ఒకాయన కొనుక్కుని తన పేరుతో విదేశాలకు పంపేవాడు. సువర్ణకు అది మింగుడుపడలేదు. వాడకట్టులోని ఆడవాళ్ళను కూడగట్టి సంస్థ పెట్టింది. ఏడాది తిరిగి ఎగుమతి లైసెన్సు తెచ్చుకుంది. వాళ్ళ పేరుతో దేశం దాటిన మొదటి సరుకుకు గుర్తును నేను.

ఆ రోజు ఆమె ఫోన్ చేసింది. "ఈశ్వర్రావుగారూ, మా సరుకు ఓడెక్కేసిందాండి?"

"ఎక్కేసిందమ్మా. మీకేటీ బెంగ లేదు."

ఆవిడ నన్ను కాగితం మీద అచ్చు వేయించి, దేవుడి పటాల పక్కన పెట్టి బొట్టు పెట్టింది. మనుషులు చదివే కాగితాలకు ఎటూ బొట్టు పెట్టరు. సంస్థ పేరు చూసి మురిసిపోయింది తప్ప, ఆ పక్కన అంకెల జోలికి పోలేదు. నేనైనా ఎలా చెప్పను?

సరుకు నచ్చింది. కానీ దాన్ని కొన్న విదేశీ కంపెనీ ఒక షరతు పెట్టింది. ఇళ్ళలో అల్లిన లేసుకు వానాకాలం చెమ్మ మరకలు పడుతున్నాయి, ఉతికి ఇస్త్రీ చేసి కట్టలు కట్టడానికి పొడిగా, వెలుతురుగా ఉండే షెడ్డు ఉంటేనే మళ్ళీ కొంటామంది. సరిగ్గా అప్పుడే ప్రభుత్వం, చేతి లేసు ఎగుమతి చేసే జిల్లాలో అలాంటి షెడ్డు ఒకటి కట్టిస్తానంది. సువర్ణ ఆశలన్నీ దాని మీదే పెట్టుకుంది.

విజయవాడ ఆఫీసులో అధికారి హరినారాయణ జిల్లాలవారీ పట్టిక తెప్పించుకున్నాడు. పట్టికలోకి ఎక్కించేటప్పుడు మా పేర్లు తీసేస్తారు, అది గోప్యత. వివరాలూ తీసేస్తారు, అవి పొడుగు. కోడూ అంకెలూ మిగులుతాయి. ఈశ్వరరావు రాసిన "చేతితో" అన్న మాట అక్కడే రాలిపోయింది. నేను పోయి మిషన్ లేసు కుప్పలో పడ్డాను. చేతి లేసు గడిలో సువర్ణ జిల్లాకు సున్నా వచ్చింది.

విషయం తెలిసి సువర్ణ పరుగున వచ్చింది. హరినారాయణ ఆమెను కూర్చోబెట్టి, మంచినీళ్ళిచ్చి, తెర ఆమె వైపు తిప్పాడు.

"ఇదిగోనమ్మా, మీ జిల్లా. చేతి లేసు ఏమీ విదేశాలకు పోలేదు."

సువర్ణ సంచిలోంచి బల్లగుడ్డ తీసి ఆయన ముందు పరిచింది. "మరి ఇది ఎవరల్లారండి? ఈ పువ్వు నేనేసిందేనండి. సరుకు పంపామండి, డబ్బులు కూడా వచ్చేశాయండి."

ఆయన అంచు పట్టుకుని చూశాడు. "బాగుందమ్మా. మీ మాట అబద్ధమని నేననట్లేదు. నేను పైకి పంపాల్సింది మాత్రం ఈ పట్టికే."

మిషన్ లేసు గడిలో, వాళ్ళిద్దరి కళ్ళెదుటే ఉన్నాను. ఒక్క గడి పక్కకు జరిగితే చాలు. నాకు కాళ్ళెక్కడివి? అంత సిగ్గుగా ఎప్పుడూ అనిపించలేదు.

సువర్ణ నేరుగా విశాఖ వెళ్ళి, ఆ బల్లగుడ్డనే ఈశ్వరరావు ముందూ పరిచింది. బిల్లు తెరవగానే ఈశ్వరరావు ముఖం మాడిపోయింది. "నా వల్లే అయిందమ్మా. పాత బిల్లు మీద కొట్టేసినాను. సవరణ పెడతాను గానీ, టైము పడతాది." ఆమె సవరణ కాగితం మీద సంతకం పెట్టి, బల్లగుడ్డ మడిచి సంచిలో పెట్టుకుంది. తిట్టి ఉంటే అతనికి కొంచెం తేలికయ్యేదేమో.

సవరణ కదిలేసరికి షెడ్డు వేరే జిల్లాకు వెళ్ళిపోయింది. వానలు పట్టాయి. కంపెనీ మరి కొనలేదు. సువర్ణ సంస్థ మూతపడింది.

ఆ తరువాత నా కోడ్ సరిచేశారు. ఇప్పుడు నేను చేతి లేసు గడిలోనే ఉన్నాను, ఒంటరిగా. మరుసటి ఏడు పట్టిక చూసిన హరినారాయణ, ఆ జిల్లాలో చేతి లేసు ఎగుమతి ఉన్నదల్లా ఆగిపోయిందనీ, గిరాకీ లేకపోవడమే కారణం కావచ్చనీ రాశాడు. ఆ మాటకు ఆధారం నేనే.

మొన్న చెన్నై వ్యాపారి సరుకు ఒకటి ఈశ్వరరావు బల్ల మీదికి వచ్చింది. నమూనా గుడ్డ విప్పితే అదే పువ్వు. "ఇది ఆ నర్సాపురం అమ్మ అల్లినదే," అన్నాడు పక్కవాడితో. పాత బిల్లేదీ తెరవలేదు. వ్యాపారి పేరు కొట్టాడు, చెన్నై చిరునామా కొట్టాడు, కోడ్ ఒక్కొక్క అంకే పుస్తకంలో చూసుకుని, చేతి లేసుదే వేశాడు.