పచ్చ తీగ

మా అమ్మాయి ఏంజెల్ కంప్యూటర్‌ని సొంతంగా బిగించుకుంటానంటే నేను ఒప్పుకోలేదు. షాపులో తయారుగా దొరికేదాన్ని ముక్కలుగా కొని ఇంట్లో బిగించుకోవడం ఏం సరదా? మంచం కావాలంటే ఎవరైనా కలప తెచ్చుకుంటారా?

"రెడీమేడ్‌ది నా పనికి చాలదు నాన్నా" అంది.

దాని పని యానిమేషన్, అంటే బొమ్మలు చేసి వాటిని ఆడించడం. ఇంజినీరింగ్ అయ్యాక రెండేళ్ళు ఇంట్లోనే కూర్చుంది. చుట్టాలు ఫోన్ చేసినప్పుడల్లా లోపలి గదిలోకి వెళ్ళిపోయేది. ఇప్పుడో కంపెనీవాళ్ళు, నిమిషం నిడివి బొమ్మ చేసి సోమవారానికల్లా పంపమన్నారు. నచ్చితే ఉద్యోగం, అదీ ఇంటి నుంచే. మామూలు కంప్యూటర్ అయితే మధ్యలోనే మొరాయిస్తుందట. సరే, కానిమ్మన్నాను.

అట్టపెట్టెలొచ్చాయి. మదర్‌బోర్డు, ప్రాసెసర్, ఫ్యాన్లు, అద్దం తలుపున్న క్యాబినెట్. మా ఆవిడ తెరేసమ్మ ఒక్కో పెట్టె మీదా సిలువ గుర్తు వేసింది. ఏంజెల్ హాల్లో దుప్పటి పరిచి, ఫోన్‌లో వీడియో చూస్తూ ఒక్కో ముక్కా బిగించింది. నేను పేపరు చదువుతున్నట్టు నటించాను. స్విచ్ నొక్కితే లైట్లు వెలిగాయి, ఫ్యాన్లు తిరిగాయి. ముగ్గురం చప్పట్లు కొట్టాం. సాయంత్రానికి చచ్చి ఊరుకుంది.

షాపుకి మోసుకెళ్ళాం.

"బోర్డు పోయిందండీ. బిగించడం రాక ఎక్కడో తగిలించేసి ఉంటారు. ఆడపిల్లలకెందుకు సార్ ఇవన్నీ, మేం బిగించి ఇచ్చేవాళ్ళం కదా" అన్నాడు షాపతను. అన్నది నాతో. పక్కనే నిలబడ్డ మా అమ్మాయి వైపు చూడనే లేదు. నాకు ఒళ్ళు మండింది. కానీ ఇంట్లో నేనూ దాదాపు అదే అన్నాను కాబట్టి నోరు మూసుకున్నాను.

కొత్త బోర్డు వాళ్ళే బిగించారు. షాపులో ఉన్నంతసేపూ బ్రహ్మాండంగా పనిచేసింది. ఇంటికి తెచ్చాక ముందు మౌస్ పోయింది. తర్వాత తెర మధ్యమధ్యలో నల్లబడటం మొదలుపెట్టింది. పైగా క్యాబినెట్ ముట్టుకుంటే వేళ్ళు చురుక్కుమంటున్నాయంది ఏంజెల్. నేను ముట్టుకుంటే ఏమీ లేదు.

"నీ భ్రమ" అన్నాను.

అప్పుడే ఇల్లు తుడుస్తున్న తెరేసమ్మ చెయ్యి దానికి తగిలింది. "యేసు మరియమ్మా!" అని గట్టిగా అరిచింది. మడమ నొప్పికని ఇంట్లో కూడా రబ్బరు చెప్పులు వేసుకు తిరిగేది నేనొక్కణ్ణే. ఆ సంగతి నాకు తట్టలేదు. తల్లీకూతుళ్ళవి వట్టి కాళ్ళు. తెరేసమ్మ తిన్నగా బయటికెళ్ళి మాత ముందు కొవ్వొత్తి వెలిగించి వచ్చింది.

మాత అంటే గేటు పక్కన మేం కట్టించిన గుహలో ఉన్న మరియమాత. మా ఇల్లు గుణదలలో, కొండ వాలు మీద. ఎక్కడ తవ్వినా రాయే. గేటు పక్కన చారెడు మట్టి ఉంటే, మొన్న వేసవిలో అక్కడ ఇటుకలతో చిన్న గుహ కట్టించింది తెరేసమ్మ. ఏంజెల్‌కి ఉద్యోగం రావాలని మొక్కు. అందరూ పనయ్యాక మొక్కు తీరుస్తారు. ఈవిడ ముందే తీర్చేసి, ఇక రాక చస్తుందా అని ఎదురుచూసే రకం.

శుక్రవారం ఏంజెల్ కంప్యూటర్‌ని ఆటోలో వేసుకుని మంగళగిరి వెళ్ళింది. అక్కడ మా బావమరిది కొడుకు బెన్నీ ఇంట్లో పెట్టి చూస్తే పొద్దస్తమానం కిక్కురుమనకుండా పనిచేసింది. మర్నాడు మా ఇంట్లో పెట్టింది. మళ్ళీ అదే చురుక్కు. పిల్ల లేచి వెళ్ళి టెస్టర్ తెచ్చి క్యాబినెట్‌కి ఆనించింది. టెస్టర్‌లో లైటు వెలిగింది.

"నాన్నా, మన ఎర్తింగ్ గొయ్యి ఎక్కడ?"

"గేటు పక్కన మట్టిలో..." అని ఆగిపోయాను. ఇల్లు కట్టినప్పుడు బొగ్గూ ఉప్పూ పోసి పూడ్చిన గొయ్యి అది. దారితప్పిన కరెంటు మనుషుల్నీ వస్తువుల్నీ పట్టుకోకుండా తీగ గుండా ఆ గోతిలోకి పోవాలి.

గుహ కట్టిన మేస్త్రీని పిలిపించాను. అతని పేరు పెద్దబ్బాయి.

"పునాది తవ్వుతుంటే పచ్చ తీగొకటి అడ్డొచ్చిందండి. టెస్టర్ పెట్టి మరీ చూశానండి, కరెంటు లేదు. పాడైపోయిన తీగ కదా అని కోసేశానండి" అన్నాడు.

కరెంటు లేకుండా ఉండటమే ఎర్తింగ్ తీగ ఉద్యోగమని అతనికెవరు చెప్పారు? ఆ రోజు అక్కడే కుర్చీ వేసుక్కూర్చున్న నేను కూడా చెప్పలేదు.

కోసిన కొస గుహ అడుగున ఉంది, గుహ పగలగొడితే తప్ప అందదు. కొత్త గొయ్యి తవ్వడానికి ఇంకెక్కడా మట్టి లేదు.

"వద్దులే అమ్మా. బెన్నీ వాళ్ళింట్లో కూర్చుని చేసి పంపిస్తా" అంది ఏంజెల్.

"ఉద్యోగమొస్తే? రోజూ వాళ్ళింట్లోనే కూర్చుంటావా?" అంది తెరేసమ్మ.

"అప్పుడు చూద్దాం."

తెరేసమ్మ కొంగు నడుముకి దోపి, మాత బొమ్మని రెండు చేతులా ఎత్తి నాకు ఇచ్చింది. "జాగ్రత్తగా పట్టుకోండి" అంది. పెద్దబ్బాయి వైపు తిరిగి, "కొట్టు నాయనా" అంది.

అతను చేతులు వెనక్కి పెట్టుకున్నాడు. "నా చేత్తో కట్టిన దేవుడిల్లు, అమ్మగారూ. నా వల్ల కాదండి."

ఆవిడే గునపం అందుకుంది. ఏంజెల్ పరిగెత్తి వచ్చి చెయ్యి పట్టుకుంది.

"మాతకి గుహ లేకపోతే నా ఇంట్లో ఉంటుందే. నీకు పని లేకపోతే నువ్వెక్కడుంటావు?" అని విదిలించుకుని కొట్టింది. కొడుతూ ఏడ్చింది. చంటిపిల్లని ఎత్తుకున్నట్టు మాతని ఎత్తుకుని నేను చూస్తూ నిలబడ్డాను. ఆవిడంటే నాకు అంత గౌరవం ఎప్పుడూ కలగలేదు. కాసేపటికి పెద్దబ్బాయి కూడా చూడలేక గునపం తీసుకున్నాడు.

తీగ దొరికింది, అతికించారు. క్యాబినెట్ మీద టెస్టర్ మళ్ళీ వెలగలేదు. సోమవారం పొద్దున్న ఏంజెల్ తన బొమ్మని పంపింది. మాతని హాల్లో బల్ల మీద పెట్టాం. తెరేసమ్మ కొవ్వొత్తి వెలిగించేది గానీ, తలెత్తి మాత మొహం చూసేది కాదు. అన్నం కూడా సరిగ్గా తినలేదు. అలిసిపోయిందనుకున్నాను.

గురువారం మధ్యాహ్నం ఏంజెల్ ఫోన్ పట్టుకుని వంటింట్లోకి పరిగెత్తింది. "తీసుకున్నారమ్మా! ఉద్యోగమొచ్చింది!"

తెరేసమ్మ గరిటె కింద పెట్టి, స్టవ్ ఆపింది.

"అయితే మాతకి నా మీద కోపం రాలేదు" అని, అక్కడే నేల మీద చతికిలబడి వెక్కివెక్కి ఏడ్చింది.