మోచేతి ఎత్తు

ఆ పొద్దున ఆకాశం తోమని మూకుడు అడుగులా ఉంది. ఫ్యాక్టరీల పొగ కిందికి వాలిపోయి, సూర్యుడు లేచాడో లేదో తెలియనివ్వలేదు. దానయ్య కొత్త వంటింటి కిటికీ తెరిచి, గట్టు మీద రాలిన మసిని అరచేత్తో తుడిచాడు.

రైల్వే వాళ్ల డబ్ల్యూఆర్ఎస్ కాలనీ వెనకాల బస్తీలో వాళ్లది చిన్న ఇల్లు. దానయ్య రైల్వే వ్యాగన్ వర్క్‌షాపులో పనిచేసి రిటైరయ్యాడు. భార్య అప్పలనరసమ్మకి నడుం వంగిపోతోంది, నేల మీద కూర్చుని లేవలేకపోతోంది. నిలబడి వండుకునేలా ఆమె కొలతకే వంటిల్లు కడతానన్నాడు.

కొడుకు గిరిధర్ ఒప్పుకోలేదు. "అమ్మకిప్పుడు వంటిల్లేటి నాన్నా? టిఫిన్‌వాలాకి చెప్పేస్తే ఖతం కదా."

ఆ రోజు ఆమె అన్నం ముట్టలేదు. "పరాయి కూడు తిని మంచాన పడుండమంటన్నాడు. నా సెయ్యి ఇంకా ఆడతంది మావా."

ఉన్న డబ్బుకి షాపులో అమ్మే రెడీమేడ్ వంటిల్లు రాదు. తెలీబంధా పేటలోని రాళ్ల దుకాణంలో మిగిలిపోయిన గ్రానైటు ముక్కలు, కబాడీ పాతసామాన్ల కొట్టులో తలుపు రెక్కలు ఏరుకొచ్చాడు. కొలిచే టేపు మాత్రం ముట్టలేదు. వర్క్‌షాపులో ఏ ముక్కకి ఆ ముక్కకే కొలతకి సరిగ్గా ఇనుప ఊచ కోసి గేజి చేసుకునేవాడు. గేజి తప్పదని ఆయన నమ్మకం. ఆమెను గోడకి ఆనించి నిలబెట్టి, నేల నుంచి మోచేతి దాకా ఊచ కోశాడు.

"పెళ్లికూతురిలాగ బిగుసుకున్నావేటే?" అని నవ్వాడు.

"పని సూడు. నన్ను సూడకు."

ఇంట్లో ఆమె ఎప్పుడూ కూర్చునో, ఏదో ఒకటి పట్టుకునో ఉండేది. ఎంత వంగిందో ఆయన నిదానించి చూసింది లేదు. ఊచ ఎత్తుకే గట్టు లేచింది.

ఆ మసి తుడిచిన పొద్దున, పాలు పొంగించడానికి వేరుగా ఉంటున్న గిరిధర్ కూడా వచ్చాడు. అప్పలనరసమ్మ పసుపు రాసిన గిన్నెతో గట్టు దగ్గరికి నడిచింది. వీపుకి గోడ లేదు. నడుం దాని దారిన అది వంగింది. గట్టు భుజాల దాకా వచ్చింది. చేతులు పైకెత్తి గిన్నెని పొయ్యి మీదికి తోసింది. పాలు పొంగడం ఆమెకి కనబడలేదు. దించబోతే మణికట్టు మీద ఒలికాయి.

"ఆవేళ నిటారుగా నిల్సున్నావు కదే!" అన్నాడు దానయ్య, చెంబు నీళ్లు ఆమె చేతి మీద పోస్తూ.

"పళ్లు బిగబట్టి నిల్సున్నాను. ఎంత ఒంగిపోనానో సూస్తే నువ్వూ ఆడి మాటే అంతావని."

పగలగొట్టి మళ్లీ కట్టడానికి చేతిలో ఏమీ మిగల్లేదు. కట్టినా, ఆ నడుం వంగడం ఎక్కడ ఆగుతుందో చెప్పే ఊచ ఏదీ లేదు.

టిఫిన్‌వాలాకి చెప్పడానికి గిరిధర్ ఫోను తీశాడు.

"జేబులో పెట్టీరా దాన్ని," అన్నాడు దానయ్య.

పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి బియ్యం, పప్పు కడిగాడు. గట్టు ఆయనకీ సరిపోలేదు, కాస్త వంగాల్సి వచ్చింది. అప్పలనరసమ్మ గుమ్మంలో కుర్చీ వేసుకుని కూర్చుని ఆ వంగిన వీపునే చూసింది.

ముగ్గురూ కలిసి భోజనానికి కూర్చున్నారు. అన్నం అడుగంటింది. ఆమె కాలిన చెయ్యి ఒళ్లో పెట్టుకుని, ఎడంచేత్తో చెంచా పట్టుకుంది. పప్పులో ఉప్పు లేదు. ఎవరూ అడగలేదు.