ఇసుక నేలలో పట్టేసిన ఇంజను

చరాచర జగత్తును కదిలించే ఆదిశక్తీ! పొయ్యిలోని మంటవు నీవు. ఇనుప గర్భంలో క్షణకాలం మెరిసి మనిషిని ఇసుకతిన్నెల మీదుగా ఎగరవేసే నిప్పురవ్వవూ నీవే. శ్రమ తనదై పేరు పరులదైన ప్రతి ఇల్లాలి వేళ్ళలో కొలువున్న తల్లీ, నీకు మొక్కి ఈ కథ మొదలుపెడుతున్నాను. నా నోట అసత్యం దొర్లనీయకు.

"పొయ్యి ఆర్పావా?" అని అడిగాడు లుడో, షెడ్డు తాళంచెవి బల్లమీద పెడుతూ.

ఆర్పానని భార్య లీవ చెప్పింది. అయినా అతడు వంటింట్లోకి వెళ్ళి స్వయంగా చూసి వచ్చాడు. మూడు వారాలుగా ఆ ఇంట్లో ఇదే తంతు.

"వచ్చే ఆదివారం మా బండి పందేల క్లబ్బు యాభై ఏళ్ళ పండుగ. బండి తిరిగి తీరాలి. ఊళ్ళో మెకానిక్కును అడిగితే వసంతం దాకా ఖాళీ లేదన్నాడు. ఇక నువ్వే విప్పు. కాకపోతే తీసిన ప్రతి మర మీదా పేరు రాసి పెట్టుకో, సరేనా?"

అది ఆమె తండ్రి ఇసుక పందేల్లో నడిపిన మోటోక్రాస్ మోటారు సైకిలు. డెబ్బై నాలుగో సంవత్సరపు టూ-స్ట్రోక్. కెంపెన్ ప్రాంతపు ఇసుక నేలలో పుట్టిన పిల్లలు నడక తర్వాత నేర్చేది ఆ బండ్ల చప్పుడే. తండ్రి పక్కన దీపం పట్టుకు నిలబడి నేర్చిన విద్యతో ముప్పై ఏళ్ళలో ఆ ఇంజనును లీవ పదకొండుసార్లు విప్పి బిగించింది. క్లబ్బులో మాత్రం లుడో బీరు గ్లాసు ఎత్తి, "ఇంజను సంగతి నేను చూసుకుంటా. పెట్రోలులో నూనె కలిపేది మా ఆవిడ. సూపు కలిపే చెయ్యి కదా!" అనేవాడు. అందరూ నవ్వేవారు. లీవ కూడా నవ్వేది; ఆ నవ్వు కూడా ఆమె చాకిరీలో భాగమే.

మూడు వారాల క్రితం, పందెంలో గెలుపు ఇంకా రెండు చుట్ల దూరంలో ఉండగా, ఇంజను ఒక్కసారిగా పట్టేసింది. వెనక చక్రం బిగుసుకుపోయి లుడో ఇసుకలో బోర్లా పడ్డాడు. నోట్లో ఇసుక ఉమ్ముతూ లేచి, అందరూ వింటూండగా, "మా ఆవిడ నూనె కలపడం మరిచిపోయింది!" అన్నాడు. ఆ జాతి ఇంజను మాడకుండా తిరగడానికి పెట్రోలులో కలిసివచ్చే నూనె తప్ప మరో ఆధారం లేదు. టాంకులో మిగిలిన పెట్రోలును ఎవరో అప్పుడే పారబోశారు. సాక్ష్యం ఇసుకలో ఇంకిపోయింది.

అత్తగారు ఫిలోమేన జపమాల తిప్పుతూ, "వాళ్ళమ్మకీ ఇలాగే మొదలైంది. ముందు ఉప్పు మరిచింది, తరవాత మనుషుల్ని మరిచింది," అంది. కారు తాళాలు ఆవిడ సొరుగులోకి వెళ్ళాయి. వైద్యుని దగ్గర జ్ఞాపకశక్తి పరీక్షకు లుడో రోజు ఖాయం చేశాడు. ఆ తర్వాత కూతురు అన్నెలోర ఫోను చేసి, మెత్తని గొంతుతో, "అమ్మా, కొన్నాళ్ళు నోర్‌ను నీ దగ్గర వదలనులే. ఏమీ అనుకోకు, ఏం?" అంది. నోర్‌కు పద్నాలుగు నెలలు. అమ్మమ్మ మెడలో గొలుసు పట్టుకుంటే తప్ప నిద్రపోదు.

అప్పటినుంచి లీవ తనను తానే కాపలా కాసుకుంది. అయిదు లీటర్ల పెట్రోలుకు రెండు వందల మిల్లీలీటర్ల నూనె: కొలత గ్లాసు ఎత్తి కిటికీ వెలుతురులో చూసిన జ్ఞాపకం ఉంది. అది ఆ ఆదివారంనాటిదా, అంతకుముందు వెయ్యి ఆదివారాల్లో ఒకటా? బంగాళాదుంపలు తొక్క తీస్తూ యేసు శిష్యులు పన్నెండుమంది అపొస్తలుల పేర్లు చెప్పుకునేది. తొమ్మిదో పేరు దగ్గర ఆగితే మళ్ళీ మొదటినుంచి ఎత్తుకునేది. తల్లి చివరి రోజుల్లో ఆమె ముఖం చూసి, "మీరెవరమ్మా?" అని మర్యాదగా అడిగింది. నోర్ ముందు తానూ అలాగే చేతులు కట్టుకు కూర్చున్నట్టు కళ్ళు మూసినా తెరిచినా కనిపించేది. లోపలినుంచి మనిషి కరిగిపోతూ ఉంటే ఆ కరిగేది తనకెలా తెలుస్తుంది? తెలియకపోవడమే కదా ఆ జబ్బు!

తాళంచెవి తీసుకుని షెడ్డులోకి వెళ్ళి, సిలిండరు ఊడదీసింది. నూనె లేక చచ్చిన ఇంజను అడుగున ఎండిపోయి, బేరింగులు నీలంగా మాడి ఉండాలి. వేలు పెట్టి చూసింది. తడి! బేరింగులు నూనెలో నిగనిగలాడుతున్నాయి. పిస్టను నెత్తిమాత్రం బూడిదలా తెల్లబారి, ఒక అంచు కరిగి ఉంది. అంటే పెట్రోలు చాలక వేడెక్కిపోయింది. కార్బొరేటరు తెరిచింది. పెట్రోలు ఎంత పోవాలో నిర్ణయించే గింజంత ఇత్తడి జెట్టు. ఈ ఇసుకలో చక్రం కూరుకుపోయి ఇంజను ఊపిరి తిప్పుకోకుండా లాగాలి గనుక ఆమె ఎప్పుడూ మూడు వందల అరవై నంబరుది వేస్తుంది. ఇప్పుడున్నది మూడు వందల ఇరవై; నంబరు తగ్గితే పెట్రోలూ తగ్గుతుంది.

నూనె తాను కలిపిందన్నమాట! కానీ ఇదీ తానే వేసి మరిచిందేమో? బల్ల పక్కన నేలమీద కూర్చుంది. ఆ జెట్టును మళ్ళీ వెలుతురుకు పట్టింది. తలమీది గాడి చెక్కుకుపోయి, అంచులు చీరుకుపోయి ఉన్నాయి. జేబుకత్తి మొనతో తిప్పిన గాయం అది. గాడికి సరిపడే స్క్రూడ్రైవరు లేనిదే ఆమె చెయ్యి ఇత్తడిని తాకదు. ఆ ఇంట్లో జేబుకత్తి ఒక్కరికే ఉంది.

"లుడో, ఒకసారి రా."

అతడు వచ్చి, ఆమె అరచేతిలో జెట్టును చూసి, తల గోక్కున్నాడు. "ఓ, అదా! క్లబ్బులో స్టాన్ చెప్పాడు, చిన్నది వేస్తే బండి ఎగిరి దూకుతుందని. వాడివన్నీ దక్షిణాది గట్టినేల లెక్కలు, వెధవ. మొదలయ్యే ముందు మార్చా."

"నీకు ముందునుంచీ తెలుసా?"

"పడ్డ మరుక్షణమే తెలిసింది. అంతమంది ముందు ఏం చెప్పమంటావు చెప్పు? నువ్వయితే సర్దుకుంటావనుకున్నా."

"మరి వైద్యుడు? నోర్?"

"వైద్యుడు బాగానే ఉన్నావంటాడు, నీకేం పోయింది? పాప ఎక్కడికి పోతుంది, నెలాగితే మళ్ళీ వస్తుంది. అమ్మకి మాత్రం ఇప్పుడే ఏం చెప్పకు, గొడవ. సరేగానీ, ఆదివారానికి అయిపోతుందా?"

లీవ లేచి నిలబడింది. బల్లమీద పిస్టను, సిలిండరు, నలభై మరలు పేర్లు లేకుండా పరిచి ఉన్నాయి. జెట్టును చేతిరుమాలులో చుట్టి జేబులో వేసుకుంది. ఇంట్లోకి వెళ్ళి, అత్తగారు చూస్తూండగానే సొరుగు లాగి కారు తాళాలు తీసుకుంది.

లుడో గుమ్మందాకా వెంటవచ్చాడు. "ఎక్కడికే? ఇంజనో?"

"ఎలా బిగించాలో నాకు గుర్తు రావడంలేదు లుడో," అంది లీవ, అతడి కళ్ళలోకి చూస్తూ. "అన్నెలోర ఇంటికి దారి మాత్రం బాగా గుర్తుంది."

ఈ కథ విన్న ప్రతి స్త్రీకీ తన బుద్ధిమీద తనకు నమ్మకం చెదరకుండుగాక. విన్న ప్రతి పురుషునికీ తన తప్పు తన నోట చెప్పే బలం కలుగుగాక. తల్లి మిమ్మల్నందరినీ చల్లగా చూచుగాక.