పేరు ముందు రెండక్షరాలు

వరంగల్ చౌరస్తా దగ్గర వెంకట్రాజం స్టీలు సామాన్ల దుకాణంలో పొద్దున షట్టరు ఎత్తగానే దేవుడి పటానికి ఊదుబత్తి వెలిగించేది బేరాలు చూసే పాండురంగమే. ఆ తర్వాత పనివాళ్లకు ఒక మంచి మాట చెప్పేదీ ఆయనే. ఇది ఎవరూ పెట్టిన నియమం కాదు. ఒకసారి గిరాకీ లేక అందరూ ముఖాలు వేలాడేసుకుని కూర్చుంటే, "పొద్దుపొద్దున గిట్ల కూసుంటే లక్ష్మి గడప దాకొచ్చి మర్లిపోతది. లేవుండ్రి, గిన్నెలన్న తుడుద్దాం" అన్నాడు. అందరూ లేచి తుడిచారు. ఆ రోజు బేరాలు బాగా సాగాయి. అది మాట బలమో, పెళ్లిళ్ల ముహూర్తం దగ్గరపడటమో ఎవరూ విచారించలేదు. అప్పటి నుంచి రోజూ ఏదో ఒకటి చెప్పమని వెంకట్రాజమే అడుగుతున్నాడు. కాజీపేట నుంచి బస్సులో వస్తూ పాండురంగం ఆ రోజు మాట సిద్ధం చేసుకుంటాడు.

ఆ మాటలు శ్రద్ధగా వినేవాళ్లలో భవాని ఒకతె. కొన్న సామాను మీద పేర్లు కొట్టడం ఆమె పని. కొట్టడం అన్న మాట ఉలీ సుత్తీ ఉన్న నాటిది. ఇప్పుడున్నది కరెంటు పెన్ను. స్టీలు మీద ఆనించి నడిపితే జుయ్యిమని అక్షరం పడుతుంది. భవాని అక్షరం ముత్యంలా ఉంటుందని పొరుగు దుకాణాల వాళ్లు కూడా గిరాకీని ఇటే పంపేవారు.

తప్పు ఒక శనివారం జరిగింది. పొద్దంతా ఆమె కొమురెల్లి అనే ఆయన పెద్దకర్మకు పంచే గిన్నెల మీద 'కీ.శే. కొమురెల్లి జ్ఞాపకార్థం' అని కొట్టింది. మధ్యాహ్నం రాజేశ్వర్ రావు షష్టిపూర్తికి వచ్చే చుట్టాలకిచ్చే డబ్బాలు వచ్చాయి. వాటి మీద కొట్టాల్సింది 'రాజేశ్వర్ రావు షష్టిపూర్తి జ్ఞాపకార్థం'. చచ్చినా జ్ఞాపకార్థమే, అరవై ఏళ్లు నిండినా జ్ఞాపకార్థమే. కళ్లు ఆ మాట చూశాయి, చెయ్యి అలవాటు కొద్దీ పేరు ముందర 'కీ.శే.' అని రెండక్షరాలు వేసుకుంటూ పోయింది.

మర్నాడు రాజేశ్వర్ రావు కొడుకు అనిల్ వచ్చి సంచులన్నీ కౌంటరు మీద కుమ్మరించాడు.

"చదువు సేటూ! ఏం రాసిండ్రో గట్టిగ చదువు! మా నాయిన పక్కన కూసుండి అచ్చింతలు ఏపిచ్చుకుంటాండు. మా మేనత్త అద్దాలు పెట్టుకొని అందరి ముంగట గిదే చదివింది."

వెంకట్రాజం చదివి, రెండు చేతులూ జోడించాడు. డబ్బాలు మార్చి ఇచ్చాడు. అంతటితో అయిపోయేదే. కానీ ఆ మర్నాడు అనిల్ ఫోన్ చేశాడు. వాళ్ల నాయిన కళ్లు తిరిగి పడిపోతే దవాఖానలో చేర్చారట. వెంకట్రాజం ఫోన్ పెట్టేసి, దుకాణమంతా వినబడేలా "గా రాత ఊకె పోతదా?" అన్నాడు.

భవాని మిషన్ స్విచ్ ఆపేసింది. ఆ తర్వాత ఆ కుర్చీలో కూర్చోలేదు.

పని మానలేదు. ఊడ్చింది, తుడిచింది, పై అరల మీది బిందెలు దింపింది. పేర్లు మాత్రం కొట్టనంది. మళ్లీ ఎవరి పేరు ముందు ఏం పడుతుందోనంది. వెంకట్రాజం మొదట బతిమాలాడు, తర్వాత విసుక్కున్నాడు. "శ్రావణమాసం లగ్గాలు ముందటున్నయి. సోమవారం దాక చూస్త పాండన్నా. అటెన్క వేరేటోళ్లను పెట్టుకుంట. ఊడ్చెటందుకు నాకు మనిషి అక్కర లేదు. నువ్వే జర నీ మంచి మాటలేవో చెప్పు."

పాండురంగం చెప్పాడు. మనసు దిగులుపెట్టుకుంటే చేతికి పని ఆనదని ఒక రోజు, దేవుడు మన తప్పులకన్నా మన నడత చూస్తాడని ఇంకో రోజు. భవాని తలొంచుకుని విన్నది. మూడో రోజు తల ఎత్తింది.

"కాకా, అన్నీ మంచిగనే చెప్తాన్రు. గా రాత మీ పేరు మీద పడితే గిట్లనే చెప్తురా?"

అందులో ఎగతాళి లేదు. నిజంగానే అడిగింది. పాండురంగం "గదేంది బిడ్డా" అని బేరం మీదికి వెళ్లిపోయాడు.

తిరుగు బస్సులో కిటికీ పక్కన కూర్చుని దాని గురించే ఆలోచించాడు. రోజూ దీపం పెట్టి, విష్ణు సహస్రనామం చదివి గడప దాటే మనిషి ఆయన. ఆయుష్షు పైవాడి చేతిలో ఉందని నలుగురికీ చెబుతాడు. మరి ఆ పైవాడు చౌరస్తాలో స్టీలు డబ్బాల మీది రాతలు చూసి లెక్క తేలుస్తాడా? తేల్చడనుకుంటే భవాని మాటకు అప్పుడే జవాబు చెప్పాల్సింది. ఎందుకు చెప్పలేదు? ఇన్నేళ్లు చెప్పిన మంచి మాటల్లో తనకు నష్టం వచ్చేది ఒక్కటైనా ఉందా అని కూడా ఆలోచించాడు. ఏదీ గుర్తు రాలేదు.

శనివారం పొద్దున ఊదుబత్తి వెలిగించాడు గానీ మంచి మాటేమీ చెప్పలేదు. నేరుగా మిషన్ దగ్గరికి వెళ్లి, సంచిలోంచి తన అన్నం డబ్బా తీసి బల్ల మీద పెట్టాడు.

"బిడ్డా, దీని మీద నా పేరు కొట్టు. ముంగట కీ.శే. పెట్టు."

భవాని వెనక్కి జరిగింది. "ఏం మాటలు కాకా అవి! పానం మంచిగ లేదా మీకు?"

"నువ్వు అడిగినవు గద. నోటితోని చెప్పరాలె. అందుకే తెచ్చిన."

"నేను రాయ."

"రాయకుంటే సోమవారం నీ కుర్చీల ఇంకెవలో కూసుంటరు. ఎవల మీదనో ఎందుకు, నా మీదనే రాయి. పోతే నేనే పోత."

వెంకట్రాజం కౌంటరు నుంచి "పొద్దుగాల్నే ఏం పంచాదన్నా?" అని కేకేశాడు. పాండురంగం వినిపించుకోలేదు. భవాని డబ్బాను దగ్గరికి లాక్కుంది. తర్వాత స్విచ్ వేసింది.

'కీ' పడింది. గుడి దీర్ఘం కొంచెం వంకర పోయింది. చుక్క పెట్టింది. 'శే' పడింది. చుక్క. పెన్ను ఎత్తి ఆయన ముఖంలోకి చూసింది. పాండురంగం కళ్లు మూసుకుని, పెదవులు కదిలిస్తున్నాడు. నుదుటి మీద చెమట పట్టింది.

"కాకా, భయమైతాందా?"

ఆయన కళ్లు తెరిచాడు. కాదని చెప్పడానికే తెరిచాడు.

"అయితాంది బిడ్డా. మస్తు భయమైతాంది."

భవానికి నవ్వు వచ్చింది. ఆపుకోవాలని చూసి ఆపుకోలేక కొంగు అడ్డం పెట్టుకుంది. ఇన్ని రోజులూ తనొక్కతే పిరికిదనీ, మంచి మాటలు చెప్పేవాళ్లకు లోపల భయమేమీ ఉండదనీ అనుకుంది.

"మీకు భయమైతే మరి నాకు ఎట్ల చెప్పిండ్రు కాకా?"

"భయమున్నా చేస్తనే ఉన్న గద. ఇగ రాయి, తొందరగ రాయి. పేరు లేకుండ ఉత్త రెండక్షరాలుంటే ఇంకా పరేషాన్."

ఆమె రాసింది. 'పా' దగ్గర చెయ్యి కుదురుకుంది. చివరి సున్నా గుండ్రంగా పడింది, ఆమె మునుపటి రాతలాగే.

"ఊరు కూడ రాయాల్నా కాకా?"

"రాయి. ఈ పేరుగలోళ్లు మస్తుమందున్నరు. పైవాడు తికమక పడొద్దు."

'కాజీపేట' అని కొట్టి డబ్బాను గుడ్డతో తుడిచి ఇచ్చింది. ఆయన చేతిలో పట్టుకుని చదువుకున్నాడు. లోపల రామ అనుకున్నాడు.

"పాలిష్ పడితే పోతది. తీసెయ్యాల్నా?"

తీసెయ్యమని చెప్పాలనే ఉంది. అయినా "ఉండనియ్యి" అన్నాడు.

"ఇంట్ల చిన్నమ్మ చూస్తే?"

"డబ్బా కడిగేది ఇయ్యాల్టి సంది నేనే."

రాజేశ్వర్ రావు ఇంకా దవాఖానలోనే ఉన్నాడు. షుగర్ పెరిగిందని, ఇంకో రెండు రోజులు ఉంచుతారని పొద్దున్నే తెలిసింది. ఆ సంగతి భవానికీ తెలుసు. అయినా ఆమె కుర్చీ ముందుకు జరుపుకుని, లగ్గం సామాను మీద కొట్టాల్సిన పేర్ల చీటీ అందుకుంది. మొదటి పేరు గట్టిగా ఒకసారి, మళ్లీ నిదానంగా ఒకసారి చదివింది.

"సేటూ, బిందెలు ఇటు పంపియ్యుండ్రి" అంది.